ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం నుంచి ఉద్దానం అడుగుతున్న సినిమా

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం (ఎచ్చెర్ల) వైస్ చాన్సలర్ గారికి,



64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితా 2017 ఏప్రిల్‌లో వెలువడింది. అందులో ఒక వరుస మీ కంటబడిందో లేదో తెలియదు. నాన్-ఫీచర్ విభాగంలో ఉత్తమ యానిమేషన్ చిత్రం 'హమ్ చిత్ర్ బనాతే హైఁ'. దర్శకురాలు నీనా సబ్నానీ. నిర్మాత పేరుండాల్సిన చోట స్టూడియో పేరు లేదు, డబ్బు పెట్టిన షావుకారు పేరూ లేదు. ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగం ఐడీసీ అని ఉంది. అంటే ఒక విద్యాసంస్థే సినిమా తీసింది, అక్కడ పాఠం చెప్పే ప్రొఫెసరే దర్శకత్వం వహించింది, ఆ ఏడు నాన్-ఫీచర్ యానిమేషన్ చిత్రాల్లో అదే మేలైనదని జ్యూరీ తేల్చింది.

కథ మధ్యప్రదేశ్ భిల్లులది. వానలు పడవు. జనం బడ్వా దగ్గరికి వెళ్తారు. మన ఏజెన్సీలో ఎజ్జోడు ఎలాగో అక్కడ బడ్వా అలాగ. గోడల మీద బొమ్మలు గీయమంటాడు. గీస్తారు, వాన పడుతుంది. అప్పటినుంచీ భిల్లులకు బొమ్మ గీయడం ఒక మొక్కు. ఈ సినిమాను సబ్నానీ తన ఆఫీసు గదిలో కూచుని ఊహించి తీయలేదు. షేర్‌సింగ్ అనే భిల్ చిత్రకారుడితో కలిసి తీశారు. బొమ్మలు ఆ సంప్రదాయానివి, వాటికి నడక నేర్పింది ఐడీసీ.

దీన్ని శ్రీకాకుళం జిల్లా దాకా ఎందుకు మోసుకొచ్చినట్టు? మందస దాటి మహేంద్రగిరి వైపు నడిస్తే సవర ఊళ్లు వస్తాయి. సవరల గోడ బొమ్మ చూడండి. ఎర్రమట్టి అలికిన గోడ, దాని మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లగీత. ముందు నాలుగు పక్కలా చట్రం కడతారు. లోపల వరసలు వరసలుగా మనుషులు, ఏనుగులు, గుర్రం మీద రౌతులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు, కాళ్లూ చేతులూ సన్నటి పుల్లలు. ముఖంలో కన్నూ ముక్కూ ఉండవు. అయినా ఎవరు నడుస్తున్నారో, ఎవరు మోస్తున్నారో, ఎవరు ఆడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. యానిమేషన్ మొదటి ఏడాది విద్యార్థికి నేర్పే మొదటి పాఠం అదే: ముఖం లేకుండా ఒంటి వాలుతోనే మనిషి ఏం చేస్తున్నాడో చెప్పడం. ఆ పాఠం ఇక్కడి కొండల మీద ఎప్పటినుంచో ఉంది. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల గురించి విస్తారంగా రాశాడు. కొండకు అవతల పక్క ఒడిశా, లాంజియా సవర చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. కొండకు ఇవతలి జిల్లాలో ఉన్న విశ్వవిద్యాలయం మీది.

యానిమేషన్‌లో తెలుగువాళ్లు వెనకబడ్డారని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్నది బి. సత్య దర్శకత్వంలోని తెలుగు సినిమా 'కిట్టు'. 2012లో 'ఈగ'. ఆ ఈగను ఎగరేసిన మకుట సంస్థకు స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం వచ్చింది. 2023 సంవత్సరానికి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో 'హను-మాన్' గెలిచింది. దర్శకుడు ప్రశాంత్ వర్మ, యానిమేషన్ జెట్టి వెంకట్ కుమార్. వీటన్నిటికీ పక్కన, 2008లో రాజీవ్ చిలక హైదరాబాద్‌లో పుట్టించిన ఛోటా భీమ్ ఉన్నాడు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఇంట్లో టీవీ పెట్టినా పిల్లలు ముందు అడిగేది వాణ్ణే.

ఈ జాబితాలో విశ్వవిద్యాలయం ఏదీ? ఒక్కటీ లేదు. పురస్కారాలన్నీ స్టూడియోలవి, నిర్మాణ సంస్థలవి. తెలుగునాట విశ్వవిద్యాలయాలకు యానిమేషన్ తెలియక కాదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది. అక్కడ బీఎఫ్ఏలో యానిమేషన్ ఉంది. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకు పోయింది. 2020లో కడపలో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. ఏడీసెట్ రాసి చేరాలి. బాగానే ఉంది. కానీ ఒకసారి రైల్వే మ్యాపు పరిచి చూడండి: ఇచ్ఛాపురం పిల్లకు కడపకన్నా కోల్‌కతా దగ్గర.

అందుకే ఇక్కడి పిల్లలు ఇంటర్ కాగానే పలాసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, హైదరాబాద్‌లో ఏదో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో తేలతారు. కొన్ని నెలల కోర్సు, ఆ తర్వాత రోటో పని. రోటో అంటే తెలియనివారికి ఒక ముక్క: తెర మీద హీరో పరుగెడుతుంటే అతని వెనక కొండలు మార్చాలి. అందుకు అతని ఒంటి అంచు చుట్టూ, ఎగిరే జుట్టు చుట్టూ గీత గీసి, మనిషిని వేరుచేయాలి. సెకనుకు 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేముకూ మళ్లీ గీత. కళ్లు పోయేంత పని. సినిమా చివర పేర్లు పరుగెడుతున్నప్పుడు, జనం కుర్చీల్లోంచి లేచాక, కనిపిస్తే ఆ కుర్రాడి పేరు కనిపిస్తుంది. పని తక్కువదని కాదు. దాని మీదే జీవితం కట్టుకోమని పిల్లలకు చెప్పడం మంచిది కాదు. కృత్రిమ మేధ వచ్చాక యంత్రం ముందుగా లాక్కునేది సరిగ్గా ఇలాంటి పనినే. ఏ గీత గీయాలో, ఏ కథ చెప్పాలో తేల్చుకునే పని మాత్రం మనిషికి మిగులుతుంది. ఆ పని నేర్పగలిగేది నెలల కోర్సు కాదు, విశ్వవిద్యాలయం.

కాబట్టి ఈ లేఖలోని విన్నపం సూటిగా ఇదీ: మీ ప్రాంగణంలో ఒక యానిమేషన్ విభాగం పెట్టండి. దాని ఘనతను ప్లేస్‌మెంట్ల పట్టికతో కొలవకండి. ఎన్ని సినిమాలు తీసిందో దాన్ని బట్టి కొలవండి.

సినిమాకు కథ కావాలి కదా అంటారేమో. ఉద్దానంలో కథకు కరువా?

ముందు కిడ్నీ జబ్బు సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో ఇది ఇంటింటి మాట. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చిచెప్పలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నీళ్లు ఈ ఊళ్లకు తెచ్చే పథకమూ అదే రోజు ప్రారంభమైంది. అంతకుముందూ ఆ తర్వాతా కెమెరాలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. వచ్చిన ప్రతి కెమెరా డయాలసిస్ మంచం దగ్గర ఆగి, రోగి ముఖం మీదికి పోయి, ఒక కన్నీటి బొట్టు పట్టుకుని వెళ్లిపోయింది. ఇక్కడ చాలా ఇళ్లలో జబ్బును బయటికి చెప్పరు. పిల్లకు సంబంధం కుదరదన్న భయం. అలాంటి ఇంటి తల్లి కెమెరా ముందు ఎందుకు నోరు విప్పుతుంది?

యానిమేషన్ ముందైతే విప్పుతుంది. 2021లో డెన్మార్క్ దర్శకుడు యోనాస్ పోహెర్ రాస్ముసెన్ 'ఫ్లీ' అనే డాక్యుమెంటరీ తీశాడు. అఫ్గానిస్తాన్ నుంచి కుర్రతనంలో పారిపోయి వచ్చిన తన స్నేహితుడి కథ. ఆ మనిషి ముఖం బయటపడకూడదు, అసలు పేరూ బయటపడకూడదు. అందుకని గొంతు అతనిదే ఉంచి, బొమ్మలు గీసి కదిలించారు. ఆస్కార్‌లో యానిమేషన్, డాక్యుమెంటరీ, అంతర్జాతీయ చిత్రం, ఈ మూడు విభాగాల్లోనూ ఒకేసారి నామినేషన్ పొందిన తొలి సినిమా అది. పేరు చెప్పని ఉద్దానం తల్లి గొంతు ఒకటి రికార్డు చేసి, దానికి మీ విద్యార్థులు బొమ్మ కడితే, పరిశోధన కేంద్రం వాళ్లు కూడా పనికొస్తుందని అడిగి తీసుకుంటారు.

నీనా సబ్నానీ ఈ పని అంతకుముందే వేరే చోట చేశారు. 2009 నాటి 'టాంకో బోలే ఛే'లో కచ్ కుట్టుపని కళాకారులు తమ కథలు తామే చెప్పుకుంటారు. సింధ్ నుంచి వలస రావడం, 2001 భూకంపం, తర్వాత బతుకు మళ్లీ అతుక్కోవడం. వాళ్లు గుడ్డ మీద కుట్టిన బొమ్మలే తెర మీద కదులుతాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఆ రోజు కూలిన కొబ్బరిచెట్టు గురించి ఇక్కడి రైతు ఎలా మాట్లాడతాడో విన్నవారికి, ఆ కచ్ సినిమా చూస్తే ఉద్దానం గుర్తురాక మానదు.

ఇక చేతులు. యానిమేటర్‌కు పరీక్ష పెట్టాలంటే పలాస జీడి ఫ్యాక్టరీకి పంపండి. పిక్క కోసే బల్ల ముందు కూచున్న మనిషిని పెన్సిల్‌తో పట్టుకోమనండి. ఒక చేత్తో పిక్కను కత్తుల మధ్య నిలబెడుతుంది, కాలు పెడల్ మీద పడుతుంది, రెండో చెయ్యి లివరు లేపుతుంది, పిక్క రెండుగా విచ్చుకుంటుంది, గుండు చెదరకుండా బయటికి వస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా తర్వాతి పిక్క. పెంకులోని జీడి నూనెకు వేళ్ల చర్మం నల్లబడి ఊడిపోతుంది. పక్కగదిలో పొట్టు ఒలిచేవాళ్లు, వాళ్లకు అవతల గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసేవాళ్లు. ఇదంతా సరిగా గీయగలిగిన పిల్లకు ఏ స్టూడియోలోనైనా పని దొరుకుతుంది. మార్కెట్‌లో పిక్కల బస్తా ధర పడిపోయిందని ఏటా వార్త రాస్తాం. ఆ బస్తా వెనకనున్న వేళ్లను ఇంతవరకు ఎవరూ బొమ్మ కట్టలేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దిగే కాలంలో, రెక్క ఎలా విప్పుతుందో ఎలా ముడుస్తుందో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి తరగతి గది కట్టలేం. తప్పెటగుళ్ల బృందం గుండెల మీద రేకు గుళ్లు వాయిస్తూ ఒకరి భుజాల మీదికి ఒకరు ఎక్కడం చూస్తే బరువు, తూకం అన్న పాఠాలు పుస్తకంలో చదవనక్కర్లేదు. సంగీతానికి జముకుల కథ ఉంది. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకునే పట్టుకుని ఊళ్లను కదిలించిన సంగతి చరిత్రలో ఉంది. కథలు ఇంకా కావాలంటే శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం తలుపు తడితే చాలు. రంగుల సంగతి అడిగేపని లేదు: చందమామ అట్టల మీద రంగులతో తెలుగు పిల్లల కళ్లను పెంచిన వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే.

డబ్బెక్కడిది అన్నది మీ ఫైనాన్స్ ఆఫీసర్ మొదటి ప్రశ్న. న్యాయమైనదే. దానికి జవాబు 2025 మార్చిలో ఆస్కార్ వేదిక మీద దొరికింది. లాత్వియా అనే చిన్న దేశం నుంచి వచ్చిన 'ఫ్లో' ఉత్తమ యానిమేషన్ చిత్రమైంది. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ఆ సినిమాను బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేశాడు. బ్లెండర్ పూర్తిగా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. అంతకుముందు అతను తీసిన 'అవే' అనే పూర్తి నిడివి సినిమా మొత్తం ఒంటిచేత్తో చేసుకున్నదే. సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు కోట్లు కావాలని ఎవరైనా ఫైలు పెడితే, ఆ ఫైలు మీద 'ఫ్లో' అని రాసి వెనక్కి పంపండి. కావాల్సింది మంచి కంప్యూటర్లు, డ్రాయింగ్ టాబ్లెట్లు, ఒక సౌండ్ గది, నిలకడగా ఉండే కరెంటు.

కేంద్రం కూడా ఈ వైపే చూస్తోంది. 2022 బడ్జెట్‌లో యానిమేషన్, గేమింగ్ రంగానికి టాస్క్‌ఫోర్స్ అన్నారు. 2026 బడ్జెట్‌లో 15,000 ఉన్నత పాఠశాలల్లో, 500 కాలేజీల్లో కంటెంట్ క్రియేటర్ ల్యాబులు పెట్టేందుకు ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రియేటివ్ టెక్నాలజీస్‌కు సాయం చేస్తామన్నారు. ఆ 500లో టెక్కలి, పలాస కాలేజీల పేర్లు ఉండాలంటే ఎవరో ఒకరు ముందుగా దరఖాస్తు రాయాలి. ఊరికే కూచుంటే అవి విశాఖపట్నం దగ్గరే ఆగిపోతాయని ఈ జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాఠం చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. యానిమేషన్‌లో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు తక్కువ; ఉన్నా ఎచ్చెర్ల దాకా రారు. యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అన్న వెసులుబాటు ఇచ్చింది. వృత్తిలో పేరున్నవాళ్లను పీహెచ్‌డీ లేకున్నా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా తీసుకోవచ్చు. హైదరాబాద్ స్టూడియోల్లో ఏళ్ల తరబడి పనిచేసి అలసిన ఉత్తరాంధ్రవాళ్లకు ఆ కుర్చీ చూపించండి. బొమ్మలు గీసే సవర చిత్రకారులకు అతిథి అధ్యాపకుల హోదా, దానికి తగ్గ గౌరవ వేతనం ఇవ్వండి. బాల్‌పాయింట్ పెన్నుతో హాజరు పట్టీలో సంతకం చేయించడంతో ఆ గౌరవం ఆగిపోకుండా చూడండి.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సవర గోడ బొమ్మ అలంకారం కోసం పుట్టలేదు. దేవుడికీ, చనిపోయిన పెద్దలకూ మొక్కుకుని వేసేది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి, కంప్యూటర్‌లో కత్తిరించి, గెంతులేయిస్తే అది దొంగతనం. ఏ బొమ్మ తెర మీదికి రావచ్చో, ఏది రాకూడదో ఊరివాళ్లు చెప్పాలి. సినిమాలో గీసినవారి పేరు దర్శకుడి పేరు పక్కన రావాలి. వచ్చిన డబ్బులో వాటా కాగితం మీద ఉండాలి. ఇదంతా కొత్త మర్యాదేమీ కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూచుని సవర భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పారు. ఈ నేల మీద పాఠం చెప్పేవాడు ముందు పాఠం నేర్చుకున్న దాఖలా ఉంది.

గురువుల విజయాలు ఎలా ఉండాలో చూపే ఇంకో ఉదాహరణ కూడా ఐడీసీదే. అక్కడి ప్రొఫెసర్ శిల్పా రానడే 2013లో 'గూపీ గవయ్యా బాఘా బజయ్యా' అనే పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీసి టొరంటో చిత్రోత్సవానికి తీసుకెళ్లారు. సత్యజిత్ రాయ్ తాత ఉపేంద్రకిశోర్ రాసిన కథ అది. అధ్యాపకుడి ఘనతను పత్రికల్లో అచ్చైన వ్యాసాల సంఖ్యతో మాత్రమే లెక్కించే మన పద్ధతిలో ఇలాంటి సినిమాకు ఎన్ని మార్కులు వేస్తారు? ఈ ప్రశ్నకు మీ అకడమిక్ కౌన్సిల్ ముందే జవాబు రాసిపెట్టుకోకపోతే, విభాగం పెట్టినా లోపల సినిమా పుట్టదు. తీసిన సినిమా ప్రచురించిన పరిశోధనతో సమానమని నిబంధనల్లో చేర్చండి.

మొదటి ఏడు పెద్దగా ఏమీ వద్దు. ఇరవై సీట్లు చాలు. మొదటి బ్యాచ్ మొత్తం కలిసి చివరి ఏడాదిలో ఒకే ఒక్క ఎనిమిది నిమిషాల సినిమా తీయాలి. సెకనుకు పన్నెండు బొమ్మల చొప్పున లెక్కేస్తే 5,760 బొమ్మలు. ఇరవై మందికి పంచితే తలా 288. చెరిపేసినవి, చించేసినవి, వెనక దృశ్యాలు వేరే. ఆ మాత్రం పని ఉద్దానం పిల్లలు చేయలేరా? చేస్తారు. మాటలు తెలుగులో, అవసరమైన చోట సవరలో ఉండాలి. కింద ఇంగ్లిష్ అక్షరాలు పెట్టి ఏ చిత్రోత్సవానికైనా పంపొచ్చు. మొదటి ప్రదర్శన మాత్రం బొమ్మలిచ్చిన సవర ఊళ్లో పెట్టండి, రెండోది పలాసలో జీడి కార్మికుల ముందు. తప్పులుంటే అక్కడే చెప్తారు. మొహమాటం ఉండదు.

వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల ప్రకటనకు ముందు అకడమిక్ కౌన్సిల్ ఒకసారైనా సమావేశమవుతుంది. ఆ అజెండాలో ఈ అంశాన్ని చేర్చి, చర్చలో ఏం తేలిందో ఉద్దానం జనానికి బహిరంగంగానే చెప్పమని మనవి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక పత్రికా రచయిత